పిచర్‌ను మార్చాలా, ఉంచాలా? డస్టీ బేకర్ కెరీర్, 2022 ఆస్ట్రోస్ సీజన్

2022 నవంబరు 2, ఫిలడెల్ఫియా. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోరైన వరల్డ్ సిరీస్‌లో నాలుగో మ్యాచ్. హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్ (బంతి వేసేవాడు) క్రిస్టియన్ హవియేర్ మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరు పూర్తి చేశాడు. 97 బంతులు వేశాడు, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆడనివ్వకుండానే ఔట్ చేశాడు. ఫిల్లీస్ జట్టుకు అప్పటిదాకా ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ అనే మజిలీకి చేరడం) కూడా దొరకలేదు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్ అప్పటికి ఒకటే ఉంది. 1956లో డాన్ లార్సెన్ ఆడింది. ఆ ఘనతకు మూడు ఇన్నింగ్స్ దూరంలో ఉన్న పాతికేళ్ల కుర్రాణ్ని 73 ఏళ్ల మేనేజర్ డస్టీ బేకర్ ఇక చాలన్నాడు. ఏడో ఇన్నింగ్‌కి వేరే పిచర్‌ను పంపాడు.

పిచర్‌ను ఎప్పుడు దించాలన్న ప్రశ్న బేకర్ కెరీర్ అంతటా వెంటాడింది. 2002లో మార్చినందుకు విమర్శలు పడ్డాడు. మరుసటి ఏడాది మార్చనందుకు ఇంకా ఎక్కువ పడ్డాడు. ప్రతి అక్టోబరులో అమెరికాలో ఈ గొడవ ఎవరో ఒక మేనేజర్ చుట్టూ నడుస్తూనే ఉంటుంది. హ్యూస్టన్‌లో, డాలస్‌లో ఉండే మనవాళ్లు పిల్లలతో కలిసి మ్యాచ్ చూస్తూ “బాగా వేస్తున్నవాణ్ని ఎందుకు తీసేశారు?” అని అడిగే సందర్భం కూడా ఇదే. దానికి జవాబు ఒక్క మాటలో దొరకదు. బేకర్ కథను పట్టుకుని వెళితే మాత్రం చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

## బేస్‌బాల్ మేనేజర్ అంటే ఎవరు

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ఆటగాళ్లను కొనడం, వదిలేయడం, జీతాలు మాట్లాడడం జనరల్ మేనేజర్ పని. అతను ఆఫీసులో ఉంటాడు. మేనేజర్ మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లో ఉంటాడు, ఆటగాళ్లలాగే యూనిఫాం వేసుకుంటాడు. ఈ రోజు ఎవరు ఆడాలి, బ్యాటింగ్ వరుస ఏమిటి, ఏ పిచర్ తర్వాత ఎవరు రావాలి అన్నవి అతని నిర్ణయాలు.

క్రికెట్‌లో బౌలింగ్ మార్పు మైదానంలో ఉన్న కెప్టెన్ చేతిలో ఉంటుంది. టీ20లో బౌలర్‌కు నాలుగు ఓవర్ల కోటా ఉంటుంది. రెండు ఓవర్లు వేయించి ఆపి, చివర్లో మళ్లీ పిలవచ్చు. బేస్‌బాల్‌లో ఇవేవీ లేవు. పిచర్‌కు కోటా లేదు, తొమ్మిది ఇన్నింగ్సూ ఒక్కడే వేసినా అడిగేవాళ్లు లేరు. కానీ ఒకసారి మ్యాచ్ నుంచి తీసేస్తే ఆ రోజుకు మళ్లీ రాలేడు. అందుకే ఇక్కడ ప్రతి మార్పూ వెనక్కి తీసుకోలేని నిర్ణయం.

మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ను స్టార్టర్ అంటారు. ఇప్పటి ఆటలో మామూలుగా అయిదారు ఇన్నింగ్స్, అటూ ఇటూగా వంద బంతులు వేసి, తర్వాత నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు. అతని తర్వాత వచ్చేవాళ్లు రిలీవర్లు. వాళ్లు వేడెక్కుతూ కూర్చునే చోటు బుల్‌పెన్. చివరి ఇన్నింగ్‌లో ఆధిక్యాన్ని కాపాడే రిలీవర్ క్లోజర్. 2020 నుంచి ఒక నిబంధన కూడా ఉంది. వచ్చిన రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్ ముగించాలి. కాబట్టి ఒక్క బ్యాటర్ కోసం ఒక్క పిచర్ అన్న పాత పద్ధతి ఇప్పుడు కుదరదు.

బ్యాటింగ్ వరుసలో తొమ్మిది మంది వంతులవారీగా తిరిగి తిరిగి వస్తారు. ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనే సరికి బ్యాటర్లు మొదటిసారి కన్నా బాగా కొడతారని ఏళ్ల తరబడి సేకరించిన గణాంకాలు చూపిస్తున్నాయి. పిచర్ అలసిపోవడం ఒక కారణం. అతని బంతులు కళ్లకు అలవాటు పడడం ఇంకో కారణం. బాగా వేస్తున్న పిచర్‌ను కూడా ఆరో ఇన్నింగ్ దగ్గర మార్చేయడానికి మూలం ఈ లెక్కే.

## ఆటగాడిగా మొదలైన బేకర్

బేకర్ 1949లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పుట్టాడు. 1968లో అట్లాంటా బ్రేవ్స్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ 715వ హోమ్‌రన్ (మైదానం గోడ దాటే దెబ్బ) కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు, తర్వాతి వంతు కోసం బ్యాట్ పట్టుకుని ఎదురుచూస్తున్నది బేకరే. తర్వాత లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు వెళ్లి 1981లో వరల్డ్ సిరీస్ గెలిచాడు. 1977 సీజన్ చివరి రోజున అతను 30వ హోమ్‌రన్ కొట్టి వస్తుంటే సహచరుడు గ్లెన్ బర్క్ చెయ్యి పైకెత్తాడు, బేకర్ దాన్ని చరిచాడు. ప్రపంచంలో మొదటి హై ఫైవ్ అదేనని చాలామంది చెబుతారు.

మేనేజర్‌గా 1993లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో మొదలుపెట్టాడు. మొదటి ఏడే 103 విజయాలు. అయినా సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌కు వెళ్లలేకపోయాడు. అదే డివిజన్‌లో (లీగ్‌లోని జట్ల ఉపవిభాగం) బ్రేవ్స్ 104 గెలిచారు. రెండో స్థానానికి అవకాశమిచ్చే వైల్డ్ కార్డ్ పద్ధతి అప్పటికింకా రాలేదు. 162 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక్క మ్యాచ్ తేడాతో ఇంటికి! అతని కెరీర్‌లో తర్వాత ఎన్నోసార్లు ఇలాగే జరిగింది.

## 2002: మార్చాడు, ఓడాడు

2002 అక్టోబరు 26న అనహైమ్‌లో ఏంజెల్స్‌తో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. జెయింట్స్ అప్పటికే మూడు గెలిచారు. ఇదొక్కటి గెలిస్తే కప్పు వాళ్లదే. ఏడో ఇన్నింగ్‌లో 5-0 ఆధిక్యం, ఒకరు ఔటయ్యారు. ఇన్నింగ్‌కి మూడు ఔట్లు కాబట్టి ఇంకా ఎనిమిది చాలు. స్టార్టర్ రస్ ఓర్టిజ్ వరుసగా రెండు సింగిల్స్ (ఒక్క బేస్ చేరే హిట్లు) ఇచ్చాడు. బేకర్ మైదానంలోకి వెళ్లి అతన్ని దింపుతూ మ్యాచ్ బంతిని జ్ఞాపికగా చేతిలో పెట్టాడు. తర్వాత వచ్చిన ఫెలిక్స్ రోడ్రిగెజ్ బౌలింగ్‌లో స్కాట్ స్పీజియో మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. ఎనిమిదో ఇన్నింగ్‌లో ఏంజెల్స్ ఇంకో మూడు చేసి 6-5తో గెలిచారు. మర్నాడు ఏడో మ్యాచ్ కూడా వాళ్లదే.

ఓర్టిజ్‌ను ఎందుకు తీశావన్నది ఒక విమర్శ. బంతి ఎందుకిచ్చావన్నది మరొకటి. గెలుపు ఖాయమైనట్టు ప్రవర్తించి ఏంజెల్స్‌ను రెచ్చగొట్టాడని కొందరన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి గురించి ఎక్కువ మంది పట్టించుకోని సంగతి వేరే ఉందనిపిస్తుంది. జెయింట్స్ క్లోజర్ రాబ్ నెన్ భుజం అప్పటికే చెడిపోయింది. ఆ నొప్పితోనే వేస్తూ వచ్చాడు. ఆ సిరీస్ తర్వాత అతను మళ్లీ మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. ఓర్టిజ్ వెనుక ఉన్న బుల్‌పెన్ పరిస్థితి అది.

## 2003: ఉంచాడు, ఓడాడు

మరుసటి ఏడాది బేకర్ చికాగో కబ్స్‌కు వెళ్లాడు. 1945 తర్వాత వరల్డ్ సిరీస్ మెట్టెక్కని జట్టది. 2003 అక్టోబరు 14న, వరల్డ్ సిరీస్‌కు ముందుండే నేషనల్ లీగ్ ఫైనల్ ఆరో మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్. మార్లిన్స్ మీద 3-0 ఆధిక్యం. పిచర్ మార్క్ ప్రయర్, ఆ సీజన్‌లో 18 గెలిచి 6 ఓడినవాడు. వరల్డ్ సిరీస్‌కు అయిదు ఔట్లు.

గ్యాలరీ అంచున పడబోయిన ఫౌల్ బంతిని ఒక ప్రేక్షకుడు అందుకోబోయాడు. అది ఫీల్డర్ చేతికి చిక్కలేదు. చాలా ఏళ్లు జనం ఆ ప్రేక్షకుణ్నే ఆడిపోసుకున్నారు. అది చాలా అన్యాయం. ఆ తర్వాత షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) అలెక్స్ గొంజాలెజ్ చేతికొచ్చిన తేలికైన బంతిని వదిలేశాడు. ప్రయర్ అలసిపోయాడు. బేకర్ అతన్ని స్కోరు సమమయ్యేదాకా తీయలేదు. మొత్తం 119 బంతులు వేయించాడు. ఆ ఒక్క ఇన్నింగ్‌లో మార్లిన్స్ ఎనిమిది పరుగులు చేశారు. ఏడో మ్యాచ్ కూడా కబ్స్ ఓడారు.

రెండు రోజుల తర్వాత అమెరికన్ లీగ్ ఫైనల్లో బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ కూడా ఇదే పని చేశాడు. ఎనిమిదో ఇన్నింగ్‌లో అలసిపోయిన పెడ్రో మార్టినెజ్‌ను కొనసాగించాడు. ఆధిక్యం పోయింది, యాంకీస్ గెలిచారు, లిటిల్ ఉద్యోగం పోయింది. “స్టార్టర్‌ను ఎక్కువసేపు ఉంచొద్దు” అన్న ఆలోచన జట్ల ఆఫీసుల్లో గట్టిపడడంలో ఆ వారానికి పెద్ద పాత్రే ఉంది.

ప్రయర్ కెరీర్ 2006తో ఆగిపోయింది. సీజనంతా అతనికీ, మరో కబ్స్ పిచర్ కెర్రీ వుడ్‌కీ ఎక్కువ బంతులు వేయించి బేకర్ వాళ్ల భుజాలు పాడుచేశాడన్న ఆరోపణ ఇప్పటికీ ఉంది. 2003 సెప్టెంబరులో ప్రయర్ చాలా మ్యాచ్‌లలో 120 బంతులు దాటాడు. ఇది నిజం. అదే ఏడాది జులైలో బేస్‌ల మధ్య పరుగెత్తుతూ ఇంకో ఆటగాణ్ని ఢీకొని ప్రయర్ భుజానికి దెబ్బ తగిలింది. 2005లో కొట్టిన బంతి నేరుగా వచ్చి మోచేతికి తగిలింది. ఇవీ నిజాలే. ప్రయర్ మాత్రం ఏనాడూ బేకర్‌ను తప్పుపట్టలేదు. భారం ఎక్కువైందన్న విమర్శను కొట్టిపారేయలేం, కానీ ఒక కెరీర్ కూలడానికి అదొక్కటే కారణమని తేల్చేయడానికీ ఆధారం చాలదు.

## చెత్తడబ్బా చప్పుళ్ల తర్వాత వచ్చిన పెద్దమనిషి

తర్వాత సిన్సినాటి రెడ్స్, ఆపైన వాషింగ్టన్ నేషనల్స్. అంతటా మంచి సీజన్లు, ప్లేఆఫ్స్‌లో చేదు ముగింపులు. 2017లో 97 మ్యాచ్‌లు గెలిపించినా నేషనల్స్ అతన్ని కొనసాగించలేదు. ఇక పని దొరకదని అందరూ అనుకున్నారు.

2020 జనవరిలో ఆస్ట్రోస్ బండారం అధికారికంగా రుజువైంది. 2017లో కెమెరాతో ప్రత్యర్థి క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) పిచర్‌కు చేసే సైగలు చూసి, ఏ బంతి రాబోతోందో చెత్తడబ్బా మీద కొట్టి తమ బ్యాటర్లకు తెలియజేశారని మేజర్ లీగ్ తేల్చింది. మేనేజర్ ఏజే హించ్, జనరల్ మేనేజర్ జెఫ్ లూనో సస్పెండయ్యారు. అదే రోజు యజమాని జిమ్ క్రేన్ ఇద్దరినీ తీసేశాడు. దేశమంతా ఛీకొడుతున్న జట్టుకు, ఎవరూ వేలెత్తి చూపలేని మనిషి కావాలి. 70 ఏళ్ల బేకర్‌ను పిలిచారు.

మేనేజర్ పనిలో లెక్కల్లోకి రాని భాగం ఇక్కడుంది. ప్రతి ఊళ్లో ఆస్ట్రోస్ ఆటగాళ్లను అరిచి గోలచేసేవారు. ఆ రోజుల్లో డ్రెస్సింగ్ రూమ్ చీలిపోకుండా ఉంచడం చిన్న విషయం కాదు. 2020లో అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా, 2021లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు. రెండుసార్లూ ఓటమే.

## 2022 సీజన్: ఆరు మ్యాచ్‌లలో మూడు రకాల నిర్ణయాలు

2022లో స్టార్ షార్ట్‌స్టాప్ కార్లోస్ కొరేయా వెళ్లిపోయాడు. అతని చోట కొత్తవాడు జెరెమీ పేన్యా వచ్చాడు. మోచేతి ఆపరేషన్ తర్వాత 39 ఏళ్ల జస్టిన్ వెర్లాండర్ తిరిగొచ్చి 18 గెలిచి 4 ఓడాడు, లీగ్ ఉత్తమ పిచర్ అవార్డు తీసుకున్నాడు. మే 3న బేకర్ 2,000 విజయాలు పూర్తి చేశాడు. ఆ మైలురాయి చేరిన 12వ మేనేజర్, మొట్టమొదటి నల్లజాతి మేనేజర్ అతనే. జట్టు 106 గెలిచి 56 ఓడింది. ప్లేఆఫ్స్‌లో మారినర్స్‌ను 3-0తో, యాంకీస్‌ను 4-0తో ఊడ్చేసి వరల్డ్ సిరీస్‌కు చేరింది.

అక్కడ ఎదురైంది 87 విజయాలే ఉన్న ఫిల్లీస్. మొదటి మ్యాచ్‌లో ఆస్ట్రోస్ 5-0తో ముందున్నారు. వెర్లాండర్ నాలుగో ఇన్నింగ్‌లో మూడు పరుగులిచ్చాడు. బుల్‌పెన్ నిండా తాజా పిచర్లున్నా బేకర్ అతన్నే అయిదో ఇన్నింగ్‌కి పంపాడు. 5-5 అయింది. పదో ఇన్నింగ్‌లో 6-5తో ఓడారు. మూడో మ్యాచ్‌లో లాన్స్ మెకల్లర్స్ అయిదు హోమ్‌రన్లు ఇచ్చేదాకా ఉంచాడు. వరల్డ్ సిరీస్‌లో ఒక పిచర్ ఒకే మ్యాచ్‌లో అన్ని ఇవ్వడం అదే మొదటిసారి. 7-0తో ఓటమి. ఫిల్లీస్ 2-1తో ముందుకెళ్లారు. 2003 నుంచి ఏమీ నేర్చుకోలేదన్న మాట మళ్లీ వినిపించింది.

హవియేర్‌ను దింపింది ఆ మర్నాడే. స్కోరు అప్పటికి 5-0. తర్వాత బ్రయన్ అబ్రేయు, రాఫాయెల్ మొంటేరో, ర్యాన్ ప్రెస్లీ తలా ఒక ఇన్నింగ్ వేశారు. ముగ్గురూ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. నలుగురు కలిసి సాధించిన నో-హిట్టర్ అయింది. ఆ సీజన్‌లోనే జూన్ 25న యాంకీస్ మీద కూడా హవియేర్ ఏడు ఇన్నింగ్స్‌లో హిట్ ఇవ్వకుండా 115 బంతులు వేశాక బేకర్ మార్చాడు. అప్పుడూ మిగతావాళ్లు పని పూర్తి చేశారు. అంటే ఇది అప్పటికప్పుడు పుట్టిన తెగింపు కాదు, ఆ జట్టులో ముందే ఒకసారి చేసి చూసిన పని.

అయిదో మ్యాచ్ 3-2తో ఆస్ట్రోస్‌దే. నవంబరు 5న హ్యూస్టన్‌లో ఆరో మ్యాచ్. ఈసారి సంకటం అవతలి డగౌట్‌లో. ఫిల్లీస్ 1-0తో ముందున్నారు. పిచర్ జాక్ వీలర్ వేసినవి 70 బంతులే. ఆరో ఇన్నింగ్‌లో ఒకరు ఔట్, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు. బ్యాటింగ్‌కు యోర్డాన్ ఆల్వరెజ్ వస్తున్నాడు. మేనేజర్ రాబ్ థామ్సన్ వీలర్‌ను తీసి, ఎడమచేతి రిలీవర్ హోసే ఆల్వరాడోను పిలిచాడు. ఎడమచేతి బ్యాటర్లు ఎడమచేతి పిచర్లను ఆడడానికి మామూలుగా ఇబ్బంది పడతారు. పైగా ఆల్వరెజ్ వీలర్‌ను అప్పటికే రెండుసార్లు చూశాడు. లెక్క ప్రకారం తప్పులేని మార్పు. ఆల్వరెజ్ కొట్టిన బంతి 450 అడుగుల దూరం పోయింది. మూడు పరుగులు. 4-1తో మ్యాచ్, సిరీస్ ఆస్ట్రోస్‌వి. వరల్డ్ సిరీస్ గెలిచిన అత్యంత పెద్ద వయసు మేనేజర్ బేకర్.

## నిర్ణయం వేరు, ఫలితం వేరు

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి అర్థం కావడానికి నేను ఊహించుకున్న అంకెలు. అలసిన స్టార్టర్‌ను ఉంచితే 100 సందర్భాల్లో 30 సార్లు ఆధిక్యం పోతుందనుకుందాం. తాజా రిలీవర్‌ను తెస్తే 25 సార్లు పోతుంది. మార్చడమే సరైన నిర్ణయం, అందులో సందేహం లేదు. అయినా నూటికి పాతికసార్లు అది బెడిసికొడుతుంది. ఆ పాతికసార్లూ “బాగా వేస్తున్నవాణ్ని ఎందుకు తీశావ్” అంటారు. మిగిలిన అయిదు విజయాలు మార్పు వల్లే వచ్చాయని ఎవరికీ కనిపించదు. పైగా వరల్డ్ సిరీస్‌లో ఇలాంటి సందర్భం ఒక మేనేజర్‌కు జీవితంలో ఒకటో రెండో సార్లు వస్తుంది. వందసార్లు ఆడిస్తే తప్ప తెలియని విషయాన్ని ఒక్కసారి చూసి తీర్పిస్తాం.

ఈ లెక్కలో అసలు కీలకం రెండో అంకె, అంటే రాబోయే పిచర్ ఎంత నమ్మకస్తుడన్నది. చర్చంతా మాత్రం వెళ్లిపోయే పిచర్ చుట్టూనే తిరుగుతుంది. 2022 ప్లేఆఫ్స్‌లో ఆస్ట్రోస్ రిలీవర్లు ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 0.83 పరుగులే ఇచ్చారు. అలాంటి బుల్‌పెన్ ఉన్నప్పుడు హవియేర్‌ను మార్చడం తేలిక. భుజం చెడిన క్లోజర్ ఉన్న 2002 జెయింట్స్‌కు అదే పని కత్తిమీద సాము. ఇరవై ఏళ్ల తేడాతో ఒకే మనిషి ఒకే పని చేసి ఒకసారి ఓడి ఒకసారి గెలిచాడంటే, ఆ తేడాలో ఎక్కువ భాగం అతని వెనుక నిలబడ్డ పిచర్లలో ఉంది.

## అయితే మేనేజర్ విలువెంత?

బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ చెప్పిన ఒక పాత సూత్రం ఉంది. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం రెంటి మొత్తంతో భాగిస్తే గెలవాల్సిన నిష్పత్తి వస్తుంది. 2022 ఆస్ట్రోస్ 737 పరుగులు చేసి 518 ఇచ్చారు. 737 వర్గం 5,43,169. 518 వర్గం 2,68,324. భాగిస్తే 0.669. 162 మ్యాచ్‌లకు సుమారు 108 విజయాలు. నిజంగా గెలిచింది 106. పరుగులను బట్టి రావాల్సినన్ని విజయాలే దాదాపుగా వచ్చాయి కాబట్టి మేనేజర్ అదనంగా తెచ్చిందేమీ లేదని గణాంకాల వైపు మొగ్గేవాళ్లు అంటారు.

ఇందులో ఒక లొసుగుంది. ఆ 518 పరుగుల్లోనే మేనేజర్ పని కూడా కలిసి ఉంది. పిచర్లకు విశ్రాంతి ఎప్పుడివ్వాలి, కొరేయా స్థానంలో వచ్చిన కొత్తవాడికి తడబడ్డ రోజుల్లో ఎంత సమయమివ్వాలి అన్నవి ఆ అంకెల లోపలే కరిగిపోయాయి. పేన్యా ఆ ఏడాది లీగ్ ఫైనల్లో, వరల్డ్ సిరీస్‌లో రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇందులో బేకర్ వాటా ఎంతో ఏ సూత్రమూ విడదీసి చెప్పలేదు. వాటా లేదని కూడా అది నిరూపించలేదు.

ఇదే నమ్మకం బేకర్‌కు ఎదురుదెబ్బ కూడా అయింది. 2023లో క్యాచర్ మార్టిన్ మాల్డొనాడో బ్యాటింగ్ సగటు .191. యువ క్యాచర్ యాయినేర్ డియాజ్ .282 సగటుతో 23 హోమ్‌రన్లు కొట్టాడు. అయినా ఆ స్థానంలో బేకర్ ఎక్కువగా మాల్డొనాడోనే నిలబెట్టాడు. పిచర్లను నడిపించే అనుభవం ముఖ్యమని అతని వాదన. పరుగులు వదులుకుంటున్నాడని హ్యూస్టన్ అభిమానుల కోపం. ఆ ఏడాది లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో టెక్సస్ రేంజర్స్ చేతిలో ఓడాక బేకర్ రిటైరయ్యాడు. ఈ విషయంలో నేను అభిమానుల వైపే. అనుభవానికి విలువ ఉన్నా, బ్యాటింగ్‌లో తేడా మరీ ఎక్కువ.

రిటైరయ్యే నాటికి అతని లెక్క 2,183 విజయాలు, 1,862 ఓటములు. అప్పటికి విజయాల్లో చరిత్రలో ఏడో స్థానం. అయిదు వేర్వేరు జట్లతో డివిజన్ టైటిళ్లు గెలిచిన తొలి మేనేజర్ అతనే. ఇప్పుడు బేస్‌బాల్ మహామహులను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు గురించి మాట్లాడుకుంటున్నారు. 2,000 దాటి చాలా ఏళ్ల కిందటే ఆట వదిలిన మేనేజర్లంతా అందులో ఉన్నారు. ఓట్లు వేసే కమిటీ ముందుకు అతని పేరు వచ్చినప్పుడు 2002, 2003 రాత్రులు, ప్రయర్ భుజం కూడా బల్ల మీదికి వస్తాయి.